పాత ఫోర్‌వీల్ జీపు: పైన చూసి బేరం, కింద చూడక భారం

సరిహద్దు పల్లెల్లో పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లకు గిరాకీ తగ్గడం లేదు. కోరాపుట్, రాయగడ కొండదారుల్లో సంతకు సరుకు దింపాలన్నా, పురిటినొప్పులతో ఉన్న మనిషిని వానకాలంలో ఆసుపత్రికి చేర్చాలన్నా నాలుగు చక్రాలూ లాగే బండే దిక్కు. ప్రాణహిత, గోదావరి ఒడ్డున ఉన్న సిరోంచ ప్రాంతంలో చినుకు పడితే మట్టిదారులు బురదగుంటలే. హోసూరు, బాగేపల్లి, పావగడ వైపు పొలాలకు వెళ్లే రాతిబాటలు కారుకు లొంగవు. అయితే కొత్త ఫోర్‌వీల్ బండి సామాన్య రైతు కుటుంబానికి అందే వస్తువు కాదు. 2020 అక్టోబరులో కొత్త రూపంలో వచ్చిన మహీంద్రా థార్ ప్రారంభ ధరే షోరూములో రూ. 9.80 లక్షలు. మారుతి జిప్సీ అమ్మకం సాధారణ కొనుగోలుదారులకు 2019 నాటికే ఆగిపోయింది. అందుకే పదేళ్లు, ఇరవయ్యేళ్లు తిరిగిన జిప్సీలు, మహీంద్రా ఎంఎం 540లు, కమాండర్లు, ఫోర్‌వీల్ బొలెరోలు, 2010లో వచ్చిన మొదటి థార్‌లు రాష్ట్రాల హద్దులు దాటి చేతులు మారుతున్నాయి.

ఈ కొనుగోళ్లలో ఒక విచిత్రం కనిపిస్తుంది. ఎద్దును కొనే రైతు పళ్లు చూస్తాడు, నడక చూస్తాడు, చివరికి కాడి కట్టి రెండు సాళ్లు దున్నించి గాని బయానా ఇవ్వడు. అదే రైతు జీపు దగ్గరకు వచ్చేసరికి కొత్త రంగు, కొత్త సీటు కవర్లు, మెరిసే టైర్లు చూసి, తారురోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పి డబ్బు లెక్కపెడుతున్నాడు. ఏ నాలుగు చక్రాల లాగుడు కోసం అదనపు ధర చెల్లిస్తున్నాడో ఆ లాగుడును ఒక్కసారైనా పరీక్షించడం లేదు. తారురోడ్డు మీద బండి వెనుక చక్రాలతోనే నడుస్తుంది. ముందు ఇరుసులో ఏమి విరిగినా, ఏమి లేకపోయినా అక్కడ తెలియదు. తెలిసేది వాగులో ఇరుక్కున్న రోజునే.

అసలు ఫోర్‌వీలేనా?

మొదట తేల్చుకోవలసింది ఇదే. జీపు ఆకారంలో ఉన్నవన్నీ ఫోర్‌వీల్ బండ్లు కావు. కమాండర్లు, బొలెరోలు ఎక్కువ భాగం వెనుక చక్రాలు మాత్రమే లాగేవి. గేరు రాడ్డు పక్కన రెండో లివరు ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. బండి కిందికి వంగి చూడాలి. గేర్‌బాక్సుకు ఆనుకొని గాని, దాని వెనుక విడిగా గాని ట్రాన్స్‌ఫర్ కేసు అనే రెండో పెట్టె ఉండాలి. దాని నుంచి వెనుక ఇరుసుకు ఒక ప్రొపెల్లర్ షాఫ్టు, ముందు ఇరుసుకు మరొకటి వెళ్లాలి. డీజిలు ఆదా అవుతుందనో, శబ్దం వస్తోందనో ముందు షాఫ్టును ఊడదీసి మూలన పడేసిన బండ్లు ఎన్నో. ఆ షాఫ్టు లేని బండి పేరుకే ఫోర్‌వీల్. షాఫ్టు ఎందుకు తీశారన్న ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే ముందు ఇరుసులోనో, ట్రాన్స్‌ఫర్ కేసులోనో పాత జబ్బు ఉన్నట్టే భావించాలి.

మరో రకం మోసం ఇంకా ప్రమాదకరమైనది. వెనుక చక్రాల బండికి పాత సామాను మార్కెట్లో దొరికిన ముందు ఇరుసు బిగించి ఫోర్‌వీలుగా అమ్ముతారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే గట్టిగా చెప్పింది. అలాంటి బండికి రేపు ఫిట్‌నెస్ పరీక్షలో అభ్యంతరం రావచ్చు, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టవచ్చు. రిజిస్ట్రేషను పత్రంలోని మోడలు పేరును, ఎదుట ఉన్న బండినీ పోల్చి చూడాలి.

ముందు ఇరుసుకు కాడి కట్టే పద్ధతి

ఇంజను ఆపి చేయదగిన ఒక పరీక్ష ఉంది. వెనుక చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు బలంగా అడ్డం పెట్టి, బండిని గేరులో ఉంచి, చేతిబ్రేకు వేయాలి. ముందు ఇరుసు కింద జాకీ పెట్టి రెండు చక్రాలూ నేల విడిచేలా లేపి, ఇరుసు కింద దిమ్మెలు ఆనించాలి. జాకీని మాత్రమే నమ్మి బండి కిందికి దూరకూడదు. చక్రం మధ్యలో చేత్తో తిప్పే హబ్ లాకులు ఉన్న బండి అయితే రెండింటినీ బిగించాలి. తరువాత ట్రాన్స్‌ఫర్ లివరును ఫోర్‌వీల్ స్థానంలో వేయాలి. ఇప్పుడు ఒక ముందు చక్రాన్ని చేత్తో తిప్పితే రెండోది ఎదురు దిక్కుకు తిరగాలి. అలా తిరిగితే రెండు వైపుల ఇరుసు కడ్డీలు, డిఫరెన్షియల్, హబ్ లాకులు పని చేస్తున్నట్టు. ఒక చక్రం ఒంటరిగా తిరుగుతూ రెండోది కదలకపోతే లోపల కడ్డీ విరిగి ఉండాలి, లేదా హబ్ లాకు పట్టడం లేదు. ఫోర్‌వీలులో వేసిన తరువాత కూడా ముందు ప్రొపెల్లర్ షాఫ్టు స్వేచ్ఛగా తిరుగుతుంటే లోపం ట్రాన్స్‌ఫర్ కేసులో ఉంది.

బండి అదే ఎత్తులో ఉండగానే మరో రెండు పనులు పూర్తి చేసుకోవచ్చు. చక్రాన్ని పైన ఒక చేయి, కింద ఒక చేయి వేసి ఊపాలి. లొటలొటలాడితే వీల్ బేరింగో, కింగ్‌పిన్ బేరింగో అరిగింది. ఎడమ, కుడి అంచులు పట్టుకొని ఊపితే వచ్చే వదులు టై రాడ్ ఎండ్లది, స్టీరింగ్ బాక్సుది. గంటకు 50, 60 కిలోమీటర్ల వేగంలో చిన్న గుంత తగలగానే స్టీరింగు గడగడ వణికే జీపుల్లో సాధారణంగా కారణం ఈ వదులే. చక్రాల అలైన్‌మెంటు చేయిస్తే పోతుందని అమ్మేవారు చెప్పే మాట అన్నిసార్లూ నిజం కాదు. చక్రం తిరిగే మలుపు దగ్గరి గుండ్రని గూడు చుట్టూ నూనె, గ్రీజు కలిసి కారుతుంటే సీలు పోయింది. ఆ దారినే వాగునీరు లోపలికి వెళ్లి బేరింగులను తినేస్తుంది.

తరువాత బండిని కదిలించి చూడాలి. ఇది తారురోడ్డు మీద చేయరాదు. ఈ పాత బండ్లలో ముందు, వెనుక ఇరుసులు ఫోర్‌వీల్ వేసినప్పుడు ఒకే వేగంతో తిరుగుతాయి. గట్టి నేల మీద మలుపు తిప్పితే ముందు చక్రాలు ఎక్కువ దూరం వెళ్లవలసి వచ్చి మొత్తం యంత్రం బిగుసుకుంటుంది, పళ్లు దెబ్బతింటాయి. అందుచేత దున్నిన చేనో, ఏటి ఇసుకో ఎంచుకోవాలి. ఒకరు బయట నిలబడి ముందు చక్రాలు మన్ను చిమ్ముతున్నాయో లేదో చూడాలి. స్టీరింగును పూర్తిగా ఒక వైపు తిప్పి మెల్లగా నడిపినప్పుడు ముందు నుంచి టకటకమని చప్పుడు వస్తే ఇరుసు చివర కీలు అరిగింది.

ఆ పైన బండిని పూర్తిగా ఆపి, లో రేంజి వేసి ఒక గట్టు ఎక్కించాలి. ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడే అసలు పరీక్ష. మొదటి గేరులో యాక్సిలరేటరు మీద కాలు తీసి దించితే ఇంజను బండిని పట్టి ఉంచాలి. దిగుతుండగా లివరు దానంతట అదే ఊడి న్యూట్రలుకు వస్తే ట్రాన్స్‌ఫర్ కేసు లోపలి పళ్లో, ఫోర్కో అరిగిపోయాయి. కొండ వాలులో లివరు ఊడితే ఇంజను పట్టు పోయి బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఘాట్ దారుల్లో తిరగబోయే కుటుంబం ఈ ఒక్క లోపం కనిపించినా, బాగు చేయించి చూపించేదాకా బేరం ఆపాలి. చివరగా లివరును తిరిగి టూవీల్ స్థానానికి తెచ్చినప్పుడు అది సులువుగా రావాలి. కొంచెం వెనక్కి నడిపితే విడివడడం మామూలే, సుత్తితో కొట్టవలసి రావడం మామూలు కాదు.

నాలుగు టైర్లూ ఒకే కొలతవి, ఇంచుమించు ఒకే అరుగుదల ఉన్నవి అయి ఉండాలి. ముందు పాతవి, వెనుక పెద్ద సైజు కొత్తవి వేసి తిప్పిన బండిలో ఫోర్‌వీల్ వేసిన ప్రతిసారీ ట్రాన్స్‌ఫర్ కేసు మీద అనవసరపు ఒత్తిడి పడి ఉంటుంది.

నూనె చెప్పే నిజం

గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్లు, ఇవన్నీ నూనెలో తిరిగేవే. నూనె పోసే బిరడా విప్పి వేలు ముంచి చూడడానికి మెకానిక్కుకు పావుగంట చాలు. నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీరు చేరింది. వాగులు దాటిన బండ్లలో తరచు కనిపించే లక్షణం ఇది. వేలికి వెండిపొడి వంటి మెరుపు అంటుకుంటే పళ్లు అరుగుతున్నాయి. సన్నని పొడి కొంత ఉండవచ్చు గాని చిన్న ముక్కలు తగిలితే క్రౌన్, పినియన్ల మీద ఆశ వదులుకోవాలి. ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పినప్పుడు క్రాసులో ఆట కనిపించకూడదు. నడిపేటప్పుడు యాక్సిలరేటరు నొక్కితే ఈల వేసినట్టు శబ్దం వచ్చి వదిలితే మారుతుంటే పినియన్ వైపు చూడాలి.

ఇంజను సంగతికి వస్తే, అమ్మేవారి ఇంటికి చెప్పిన వేళ కన్నా ముందే వెళ్లడం మంచిది. బానెటు మీద చేయి వేస్తే చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి ఉంచిన డీజిలు ఇంజను ఏ లోపాన్నయినా దాచగలదు. చల్లని ఇంజను స్టార్టు చేసినప్పుడు కొద్దిసేపు తెల్లని పొగ రావచ్చు. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగక, రేడియేటరులో నీరు తగ్గుతూ ఉంటే హెడ్ గాస్కెట్ అనుమానించాలి. నీలి పొగ అంటే ఇంజనాయిలు మండుతోంది. రాయి లాగేటప్పుడు వచ్చే దట్టమైన నల్లపొగకు మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు వంటి చిన్న కారణమూ ఉండవచ్చు, ఇంజెక్టర్లు, పంపు వంటి పెద్ద కారణమూ ఉండవచ్చు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తెరిస్తే ఆవిరి ఊపిరి తీసినట్టు పుక్కుపుక్కున తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగాయి. రేడియేటరు మూత మాత్రం ఇంజను చల్లగా ఉన్నప్పుడే తెరవాలి. వేడి మీద తెరిస్తే ముఖం కాలుతుంది. నీటి మీద నూనె తేలుతున్నా, స్టార్టు చేయగానే బుడగలు ఆగకుండా వస్తున్నా ఆ ఇంజను విప్పక తప్పదు.

మొదటి థార్ వంటి కామన్ రైల్ డీజిలు బండ్లకు మరో జాగ్రత్త అవసరం. పాత కమాండరు ఇంజనును పల్లె మెకానిక్కు చెవితో విని బాగు చేయగలడు. కామన్ రైల్ ఇంజనుకు కంప్యూటరు స్కానరు ఉన్న పట్నం షెడ్డు కావాలి. దాని ఇంజెక్టర్లు, అధిక పీడన పంపు చెడితే ఖర్చు వేరే స్థాయిలో ఉంటుంది. ఊరికి యాభై కిలోమీటర్ల లోపల ఎవరు బాగు చేయగలరో తెలుసుకున్న తరువాతే మోడలు ఎంచుకోవాలి.

ఉప్పుగాలి, వరదనీరు

ఈ జీపుల బలమంతా ఛాసిస్‌లో ఉంది. కొత్త రంగు వేసిన ఛాసిస్ మీదనే ఎక్కువ అనుమానం ఉండాలి. చిన్న సుత్తితో తడుతూ పోతే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న చోట మందంగా మోగుతుంది. కమాను పట్టీలు ఛాసిస్‌కు తగిలే బ్రాకెట్ల దగ్గర, వెనుక బాడీ కింద, కాళ్ల కింది మ్యాటు ఎత్తి నేల రేకు మీద తప్పక చూడాలి. యానాం, గంజాం వంటి తీరప్రాంతాల బండ్లకు ఉప్పుగాలి వల్ల ఈ జబ్బు త్వరగా పడుతుంది. వెల్డింగు అతుకులు కనిపిస్తే అది తుప్పు మరమ్మతో, ప్రమాదపు గుర్తో అడిగి తెలుసుకోవాలి.

వరదలో మునిగిన బండ్ల విషయం కూడా మరువరాదు. చెన్నై 2015 డిసెంబరులోను, మిచౌంగ్ తుపానుకు 2023 డిసెంబరులోను మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు నీట మునిగాయి. ఇటువంటి ప్రతి విపత్తు తరువాత నీట నానిన బండ్లు కడిగి, తుడిచి, దూరప్రాంతాల్లో చౌకగా అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగితే బురద చార కనిపిస్తుంది. డాష్‌బోర్డు వెనుక, హెడ్‌లైటు లోపల, సీటు బోల్టుల దగ్గర చూసినా ఆనవాలు దొరుకుతుంది. ఊహించని తక్కువ ధర చెబితే మొదట ఈ చోట్లనే వెతకాలి.

హద్దు దాటిన కాగితం

యంత్రం ఎంత బాగున్నా కాగితం చెడితే బండి చెడినట్టే. సరిహద్దు కుటుంబాలకు ఈ చిక్కు మరీ ఎక్కువ. చిత్తూరు బండిని హోసూరులో, విజయనగరం బండిని రాయగడలో కొన్నవారు పాత నంబరుతోనే ఏళ్ల తరబడి తిప్పుతుంటారు. చట్టం 47వ సెక్షను ప్రకారం మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే బండిని అక్కడ రిజిస్టరు చేయించాలి, ఆ రాష్ట్రపు పన్ను కట్టాలి. దానికి మొదటి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. ఈ పత్రం తెచ్చే బాధ్యత ఎవరిదో డబ్బు ఇచ్చే ముందే తేలాలి.

పేరు మార్పిడి వాయిదా వేయడం అమ్మినవారికీ ముప్పే. రిజిస్ట్రేషనులో ఎవరి పేరు ఉంటే వారినే యజమానిగా పరిగణించి ప్రమాద పరిహారానికి బాధ్యులను చేయాలని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పాత బండిపై బ్యాంకు, ఫైనాన్సు బాకీ లేదన్న పత్రం కూడా చేతికి రావాలి. బ్రోకరు ద్వారా కొనేవారు అతనికి అనుమతి పత్రం ఉందో లేదో అడగాలి. పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ వద్ద నమోదు కావాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది.

జీఎస్టీ గురించి పల్లెల్లో అపోహ ఉంది. 2024 డిసెంబరులో జీఎస్టీ మండలి నిర్ణయించిన 18 శాతం పన్ను నమోదైన డీలరు తన లాభపు తేడా మీద కట్టేది. ఒక రైతు మరో రైతుకు నేరుగా అమ్ముకుంటే ఆ పన్ను వర్తించదు. ఆ పేరు చెప్పి ధరకు అదనంగా వసూలు చేసే మధ్యవర్తులను నిలదీయవచ్చు.

వయసుకు కూడా వెల ఉంది. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగుస్తుంది, తరువాత తనిఖీ చేయించి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఒకప్పుడు రూ. 600 ఉన్న ఈ పొడిగింపు రుసుమును కారు, జీపు తరగతికి 2022 ఏప్రిల్ నుంచి రూ. 5,000 చేశారు. 20 ఏళ్లు దాటిన బండ్లకు 2025 ఆగస్టులో రూ. 10,000గా నిర్ణయించారు. రిజిస్ట్రేషను గడువు ఇక ఆరు నెలలే ఉన్న బండికి, నాలుగేళ్లు ఉన్న బండికి ఒకే ధర చెల్లించడం తెలివైన పని కాదు. ఛాసిస్ మీద చెక్కిన నంబరును కాగితం, పెన్సిలుతో ముద్ర తీసి పత్రంలోని నంబరుతో అంకె అంకె సరిచూడాలి. చెక్కుడు గరుకుగా ఉన్నా, చుట్టూ వెల్డింగు ఉన్నా అక్కడి నుంచి లేచి రావాలి.

సరిహద్దులో మరొక ఇబ్బంది భాషది. స్టాంపు కాగితం మీది ఒప్పందం కన్నడంలోనో, ఒడియాలోనో, తమిళంలోనో, మరాఠీలోనో ఉంటుంది. తెలుగు మాత్రమే చదవగల పెద్దలు బ్రోకరు చెప్పిన అర్థాన్ని నమ్మి వేలిముద్ర వేస్తారు. ‘ఉన్నది ఉన్నట్టుగా కొన్నాను, తరువాత అడగను’ అన్న ఒక్క వాక్యం అందులో ఉంటే పైన చెప్పిన లోపాలన్నీ కొన్నవారి నెత్తిన పడతాయి. ఆ రాష్ట్ర భాష బడిలో చదువుకుంటున్న పిల్ల ఇంట్లో ఉంటే సంతకానికి ముందు ఆమె చేత ప్రతి వాక్యం పైకి చదివించుకోవాలి. పిల్లలకు రెండు భాషలు రావడం ఇటువంటి చోట ఇంటికి కాపలా.

పాత బండిలో లోపం ఉండడం తప్పు కాదు. ఇరవయ్యేళ్ల జీపులో ఏ లోపమూ లేదని చెప్పేవారినే నమ్మలేం. సీళ్లు, క్రాసులు, టై రాడ్ ఎండ్లు, బ్రేకు లైనింగులు వంటివి మార్చుకోదగినవి. వాటి ఖర్చు మెకానిక్కు చేత రాయించి ధరలోంచి తగ్గించమని అడగవచ్చు. తుప్పు తిన్న ఛాసిస్, లివరు ఊడే ట్రాన్స్‌ఫర్ కేసు, నీరు తాగిన ఇంజను, దిద్దిన ఛాసిస్ నంబరు, ఈ నాలుగింటికి మాత్రం బేరమాడి ప్రయోజనం లేదు. అమ్మేవారికి తెలియని మెకానిక్కును వెంట తీసుకొని, ఒక పూట సమయం కేటాయించి, పొద్దున చల్లటి ఇంజనుతో మొదలుపెట్టి దున్నిన చేలో ముగిస్తే ఈ పరీక్షలన్నీ పూర్తవుతాయి. ఆ ఒక్క పూట ఇవ్వడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే, ఎంత చౌకగా వస్తున్నా బయానా జేబులోనే ఉంచుకొని వెనుదిరగడం మేలు.